కోదాడ ఎండలో చలినీటి పరకలు

సూర్యాపేటలోని ఆ చేపల దుకాణానికి నేను వెళ్లింది చేపల కోసం కాదు. మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్‌గా పనిచేస్తాను. ఇంట్లో ఏవో ప్రయోగాలు చేసుకుంటూ ఉంటాను. అందుకు చిన్న నీటి పంపు ఒకటి కావలసి వచ్చింది. అలాంటివి అక్వేరియం దుకాణాల్లో దొరుకుతాయి. పంపు చేతికి వచ్చింది, బేరం అయిపోయింది, బయటికి రాబోతుంటే కింది వరసలో మూలకు నెట్టేసిన తొట్టి ఒకటి కనిపించింది.

అందులోని చేపలు చిటికెన వేలంత కూడా లేవు. ఒంటి పక్కన కంటి నుంచి తోక దాకా వెండి గీత, తోక మొదట్లో ఎర్రటి మచ్చ. మిగతా తొట్లలో చేపలు మనిషి నీడ పడగానే పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఇవి నన్ను పట్టించుకోలేదు. గొట్టంలోంచి వచ్చే నీటి ధారకు ఎదురుగా గుంపుగా ఈదుతున్నాయి, ముందుకు పోకుండా, వెనక్కి జరగకుండా.

"అన్నా, అవి వద్దు," అన్నాడు దుకాణదారు, నేను ఏమీ అడగకముందే. "అవి చలి చేపలు. ఏడనో చైనా గుట్టల్ల ఉంటయంట. ఒకాయన తెమ్మంటే తెప్పిచ్చిన, ఆయన మళ్ల రాలే. మన దగ్గర బతకయ్."

"మరి నీ దగ్గర ఎట్ల బతుకుతున్నయ్?"

"ఇది జనవరి అన్నా. జనవరిల నేను గూడ బతుకుత."

నవ్వాను. అతను కూడా నవ్వి, వాటి గుణాలన్నీ చెప్పాడు. హీటరు అక్కర్లేదు, ఏదేస్తే అది తింటాయి, తొందరగా రోగం రాదు, చల్లటి నీళ్లలో రాళ్లలాగా గట్టిగా ఉంటాయి. ఒక్క ఎండనే ఓర్చుకోవు. "మన దగ్గర అయ్యే పని కాదన్నా" అని ముగించాడు. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే నేను పంపు తీసుకుని బస్సెక్కేవాడిని.

ఆ మాట నాకు పడదు. పాలిటెక్నిక్‌లో సెన్సర్లతో ప్రాజెక్టు చేస్తానంటే, మన దగ్గర పార్టులు దొరకవు అన్నారు. పాడైన ప్రింటర్లలోంచి పీకి చేశాను. ఉద్యోగం వచ్చాక కోదాడలోనే ఉంటానంటే, చదువుకున్నవాడివి మన దగ్గర ఏం చేస్తావు, హైదరాబాదు పో అన్నారు. ఇంటి ముందు మల్లెలు కాకుండా వేరే ఏదైనా నాటినా మన దగ్గర రాదనే అంటారు. అనేవాళ్లంతా ఇక్కడివాళ్లే. ఈ ఊళ్లను బయటివాళ్లు తక్కువ చేసి మాట్లాడగా నేను పెద్దగా వినలేదు. ఆ పని మేమే చేసుకుంటాం.

ఆ కోపంతో పన్నెండు ప్రాణాలను పాలిథీన్ సంచిలో కట్టించుకోవడం న్యాయమా అని ఎవరైనా అడగవచ్చు. కోపం ఒక్కటే అయితే న్యాయం కాదు. కానీ నా దగ్గర లెక్క ఉంది. మా ఎండ పొడి ఎండ. పొడి గాలిలో నీరు తొందరగా ఆవిరవుతుంది, ఆవిరయ్యేటప్పుడు మిగిలిన నీటిలోని వేడిని వెంట తీసుకుపోతుంది. కుండలో నీళ్లు చల్లబడేది అందుకే. సముద్రం పక్కన ఉక్కపోసే ఊళ్లలో ఈ పని సరిగ్గా జరగదు. అంటే చలినీటి చేపలను పెంచడానికి బందరు కంటే కోదాడే నయం. దుకాణదారుకు ఇదంతా అక్కడే నిలబడి చెప్పాను.

"లెక్చరర్‌వా అన్నా?" అన్నాడు సంచికి రబ్బరు బ్యాండు వేస్తూ.

ఇంట్లో ముగ్గురం. నేను, నా భార్య, మా నాన్న. నా భార్యా నేనూ ఒకే పాలిటెక్నిక్‌లో చదివాం. ఆమె కోదాడ బస్టాండు దగ్గర జిరాక్సు, ఆన్‌లైన్ సర్వీసుల షాపు నడుపుతుంది. నాన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు బాయిలర్ దగ్గర పనిచేసి, మోకాళ్లు సహకరించక మా దగ్గరికి వచ్చేశాడు.

సంచిలోకి తొంగి చూసి నాన్న పెదవి విరిచాడు. "గివి పరకపిల్లలే గదరా. చింతకాయ ఏసి పులుసు పెడితే ఒక్క పూటకు గూడ రావు."

"పులుసుకు కాదు నాయినా, పెంచడానికి."

"పరకలను పెంచుతరా ఎవలన్న? పెంచితే బర్రెను పెంచు, పాలన్న ఇస్తది."

నా భార్య పరిహాసం ఆడలేదు. అది మరీ కష్టం. చేపలతో పాటు నేను తెచ్చిన తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి, నీళ్లలో వేలు పెట్టి చూసి, "మే నెలల గీ రూములో ఎంత ఉంటది?" అని అడిగింది.

"ముప్పై ఎనిమిది దాకా."

"నీళ్లు?"

"ఇరవై ఎనిమిది దాటనియ్య."

"సరే. మాటకు కట్టుబడి ఉండు. ఎండకాలం దాటితే ఉంచుకుందాం. ఎండకు సచ్చిపోతే తొట్టి అమ్మేద్దాం, ఇగ ప్రాణమున్నది ఏదీ ఇంట్లకు తేవద్దు. కండ్ల ముందు ఒక్కొక్కటి పోతుంటే నేను సూడలేను."

ఆమె అడిగింది న్యాయమే కాబట్టి ఒప్పుకున్నాను.

మొదటి గొడవ వాస్తుతో వచ్చింది. మేము ఉండేది ఒక ఇంట్లో కిరాయి పోర్షను. పక్క పోర్షనులో ఇంటావిడ ఉంటారు. జగ్గయ్యపేట వైపు నుంచి వచ్చి కోదాడలో స్థిరపడ్డ మనిషి. మా ఇంటికి పడమర, దక్షిణం వైపుల పెద్ద బిల్డింగులు ఉన్నాయి, మధ్యాహ్నం నుంచి వాటి నీడ నైరుతి గది మీద పడుతుంది. ఈశాన్యం గది ముందు ఖాళీ స్థలం, పొద్దున లేస్తూనే ఎండ లోపలికి వస్తుంది. నేను థర్మామీటరు పెట్టి నాలుగు గదులూ చూశాను. నైరుతి గది చల్లగా ఉంది. తొట్టి అక్కడ పెట్టాను.

"నైరుతిలో నీళ్లేంటి బాబూ?" అన్నారు ఇంటావిడ గుమ్మంలో నిలబడి. "ఈశాన్యంలో పెట్టుకోండి. నీళ్లు అక్కడే ఉండాలి. ఇది నా ఇల్లు, రేపు ఏదైనా అయితే నాకే కదా తగిలేది."

"నైరుతిలో ఏం ఉండొచ్చాంటీ?"

"బరువు ఉండాలి. బీరువాలు అవీ."

"నీళ్లు, అద్దం, స్టాండు, కింద ఇసుక కలిపి ఈ తొట్టి మా బీరువా కంటే బరువు. మీరు దీన్ని బరువు అనుకోండి."

ఇంటావిడ "మీ ఆవిడ మీతో ఎలా వేగుతోందో" అని వెళ్లిపోయారు. తొట్టి అక్కడే ఉంది.

మార్చి వచ్చేసరికి రోడ్డు పక్కన రంజన్లు అమ్మకానికి పెట్టారు. రంజన్ అంటే పెద్ద మట్టికుండ, కింద నల్లా, అంటే కుళాయి, ఉంటుంది, మా వైపు ప్రతి ఇంట్లో, ప్రతి ఆఫీసు ముందూ ఎండాకాలం కనిపిస్తుంది. వాటిలో అన్నిటికంటే పలచటిది, పైపూత లేనిది ఏరుకుని తెచ్చాను. దాని ప్లాస్టిక్ నల్లా కారుతుంటే తీసేసి ఇత్తడిది బిగించాను. రంజన్‌ను తొట్టి కంటే ఎత్తులో స్టూలు మీద పెట్టి, సూర్యాపేట పంపుతో తొట్టి నీళ్లు రంజన్‌లోకి పోయేటట్టు, అక్కడ చల్లబడి నల్లా గుండా మళ్లీ తొట్టిలో పడేటట్టు పైపులు వేశాను. రంజన్‌కు తడి గోనెసంచి చుట్టి, దానికెదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టాను. కరెంటు పోతే పంపు ఆగకుండా పాత స్కూటరు బ్యాటరీ ఒకటి కలిపాను.

ఫ్యాక్టరీలో రోజంతా నేను చూసేది పద్నాలుగు వందల డిగ్రీలు దాటిన కొలిమి మంట తాలూకు అంకెలు. ఇంటికి వచ్చి ఇరవై ఏడా, ఇరవై ఏడున్నరా అని కళ్లు చిట్లించి చూసేవాడిని. మే మొదటి వారంలో ఒక మధ్యాహ్నం గది ముప్పై ఎనిమిది చూపించింది, నీళ్లు ఇరవై ఏడు. ఫోటో తీసి సూర్యాపేట దుకాణదారుకు పంపాను. అతను చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపాడు. అది మెచ్చుకోలో వదిలించుకోవడమో తెలియలేదు. నేను మెచ్చుకోలు కిందే రాసుకున్నాను.

ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. నీళ్లు చల్లబడాలంటే ఆవిరి కావాలి, ఆవిరైనవి మళ్లీ నింపాలి. ఆవిరిగా పోయేది ఉత్త నీరే, అందులో కరిగినవన్నీ తొట్టిలోనే మిగిలిపోతాయి. బోరు నీళ్లు నింపుతూ పోతే సున్నం పేరుకుంటుంది. మా ప్రాంతపు నీళ్ల సంగతి తెలిసిందే, భూమి అంతా సున్నపురాయి. బకెట్లు తెల్లబడతాయి, గీజర్లు పాడవుతాయి. అందుకని వాటర్ ప్లాంటు క్యాన్ నీళ్లు, అంటే లవణాలు తీసేసిన నీళ్లు, పొయ్యాలని లెక్క వేశాను. నేను డ్యూటీకి పోతాను, ఆమె షాపుకు పోతుంది. పగలు ఇంట్లో ఉండేది నాన్న ఒక్కడే.

"నాయినా, తొట్టిల గీ గీత కిందికి దిగితే నీళ్లు పొయ్యాలె. గీత దాటొద్దు. పోస్తవా?"

"బాయిలర్‌కు నీళ్లు సూసుకున్నోణ్ని, గీ డబ్బాకు సూసుకోనా? గీత దిగితే బాయిలర్ పేలిపోయేది. గిది పేలుతదా?"

"పేలదు."

"ఇగ భయం ఏంది, పో."

మొదట నత్తలు చచ్చాయి. తొట్టి అద్దానికి అంటుకుని, పాచి తినే చిన్న నత్తలు కొన్ని ఉండేవి. అవి రాలి ఇసుక మీద పడి మళ్లీ లేవలేదు. నేను పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత చేపలు ధారకు ఎదురు ఈదడం మానేశాయి. నల్లా నుంచి నీళ్లు పడే చోట పైకి వచ్చి మొప్పలు గబగబా ఆడించడం మొదలుపెట్టాయి. వెండి గీత మసకబారింది. ఒక పొద్దున ఒకటి ఒరిగి ఉంది. ఆ సాయంత్రానికి ఇంకొకటి.

ఇంట్లో, బయటా, అందరికీ కారణం తెలుసు. బయట చూస్తే చాలు, రోడ్డు మీద తారు కరుగుతోంది.

"చెప్పానా బాబూ," అన్నారు ఇంటావిడ. ఇక పెద్దగా వాదించకుండా, జాలిగా. "పోనీ బతికున్నవాటినైనా తీసుకెళ్లి సాగర్ కాలవలో వదిలేయండి. పుణ్యం ఉంటుంది."

కాలవలో నీళ్లు లేవు, అది ఒక సంగతి. ఉన్నా వదలను. అవి ఇక్కడి చేపలు కావు. మన చేతులు దులుపుకోవడానికి పరాయి చేపలను కాలవలో పోయడం పుణ్యం కాదు, చెత్త పారేయడం. ఆవిడకు ఆ మాట ఇంకొంచెం మర్యాదగా చెప్పాను.

నాన్న నాలుగు మెతుకులు తక్కువ తినడం మొదలుపెట్టాడు. తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. "ఎండ గదరా," అనేవాడు. "మనుషులకే ఆగుతలేదు." నా భార్య, చచ్చినవాటిని నేను కాగితంలో చుట్టి కరివేపాకు మొక్క మొదట్లో పాతేస్తుంటే ముఖం తిప్పుకుని నిలబడేది. మూడోదాన్ని పాతిన రోజు మాత్రం, "మనం అనుకున్నది గుర్తుంది గదా," అంది.

"ఎండకు సస్తే గదా. ఇది ఎండ కాదు."

"మరి ఏంది?"

"తెల్వదు. కానీ ఎండ కాదు."

నేను మొండికేస్తున్నానని ఆమె అనుకుంది. మొండితనమే, కానీ దానికి అంకె ఆధారం. నీళ్లు ఇరవై ఏడు దాటలేదు. థర్మామీటరు తప్పేమోనని ఫ్యాక్టరీ నుంచి సరిచూసిన మరో థర్మామీటరు అడిగి తెచ్చి పక్కన పెట్టాను. అదీ అంతే చూపించింది. అందరూ ఒకే మాట అంటున్నారని కొలత మారదు. ఊరంతా కలిసి ఎండ అంటే ఎండ అయిపోతుందా?

అప్పుడు నత్తల మీదికి ఆలోచన మళ్లింది. ఎండకైతే చేపలు ముందు పోవాలి, నత్తలు తర్వాత. ఇక్కడ తిరగబడింది. చేపల కంటే ముందు నత్తలను చంపేది ఏమిటని వెతికితే, చదివిన ప్రతిచోటా ఒకటే వచ్చింది. రాగి. నీళ్లలో కాస్త కరిగినా నత్తలు ఆగవు, ఆ తర్వాత చేపల మొప్పలు దెబ్బతింటాయి. ఇత్తడిలో రాగి ఉంటుంది. రంజన్‌కు ఇత్తడి నల్లా బిగించింది నేనే. ఆ సాయంత్రమే పీకేసి ప్లాస్టిక్‌ది పెట్టి, సగం నీళ్లు తీసి క్యాన్ నీళ్లు పోశాను. దొంగ దొరికాడనుకున్నాను.

దొరకలేదు. ఒక పూట కాస్త తేరుకున్నట్టు కనిపించి, చేపలు మళ్లీ పైకి వచ్చేశాయి. ఈసారి ఇంకా అధ్వానం, నాలుగోది కూడా పోయింది.

ఫ్యాక్టరీలో కొలిమి రిపేరుకు ఆపిన రోజు మధ్యాహ్నమే ఇంటికి పంపేశారు. నేను తలుపు తీసేసరికి నాన్న నైరుతి గదిలో తొట్టి మీదికి వంగి ఉన్నాడు. చేతిలో చెంబు. చాలా జాగ్రత్తగా, చేపల మీద పడకుండా, అద్దం పక్కనుంచి సన్నగా పోస్తున్నాడు. బాయిలర్ మనిషి చేతులు, ఒక్క చుక్క కింద పడలేదు. ఆ చెంబు తళతళా మెరుస్తోంది. చింతపండుతో తోమిన రాగి మెరుపు.

"నాయినా, ఏం పోస్తున్నవ్?"

"నీళ్లు."

"ఏ నీళ్లు?"

"మంచి నీళ్లే. నేను తాగేయి."

నాన్న మంచం పక్కన ఒక రాగి బిందె ఉంటుంది. సాయంత్రం నింపి మూత పెడతాడు, పొద్దున లేవగానే అందులోంచి తాగుతాడు. ఒంటికి మంచిదని ఎవరో చెప్పినప్పటి నుంచి ఒక్క రోజు తప్పలేదు. చుట్టాలు వస్తే వాళ్లకూ అవే ఇస్తాడు. అవి అందరికీ ఇచ్చే నీళ్లు కావు, మర్యాద చేయవలసినవాళ్లకు ఇచ్చే నీళ్లు.

"క్యాన్ నీళ్లు పొయ్యమన్న గద?"

"గా సప్పటి నీళ్లల్ల ఏం సత్తువ ఉంటదిరా? పాపం, దూరం నుంచి తెచ్చిన పరకలాయె. నా నీళ్లే పోస్తున్న. గీ నడుమ ఒంట్ల బాగుంట లేదని రెండు చెంబులు ఎక్కువనే పోస్తున్న."

అప్పుడు లెక్క తేలింది. రోజూ రాత్రంతా రాగిలో నిలిచిన నీళ్లు. ఆవిరి పోతుంది, రాగి పోదు. అవి నీరసించిన కొద్దీ మందు పెంచినట్టు పెంచాడు. నల్లా మార్చి సున్నం లేని నీళ్లు పోసి నేను దాని బలాన్ని ఇంకా పెంచాను, ఎందుకంటే నీళ్లలో సున్నం ఉంటేనే రాగి విషం కొంత అణుగుతుంది.

"నాయినా, రాగి చేపలకు విషం."

"ఏంది?"

"విషం. మొప్పలు కాలిపోతయ్. అందుకే సస్తున్నయ్."

"నేను రోజు తాగుత గదరా. నేను సచ్చిన్నా?"

"నువ్వు చేపవు కాదు."

"అవు, చేపనైతే కొడుకుతోని గీ మాట పడకపోదును."

అన్నాడే గానీ చెంబు పట్టుకున్న చేయి కిందికి దిగిపోయింది. చెంబును కిటికీలో పెట్టాడు. తొట్టి వైపు చూడలేదు. ఆ సమయానికి నా భార్య భోజనానికి షాపు మూసి వచ్చింది. రెండు ముక్కల్లో విషయం చెప్పాను. ఆమె చున్నీ నడుముకు కట్టుకుని, "ఇప్పుడు ఏం జెయ్యాలె?" అంది.

సున్నం నీళ్లు కావాలి, చాలా కావాలి. ఇన్నాళ్లు నేను దూరం పెట్టిన మా బోరు నీళ్లే. మూడు వంతులు తీసేసి కొత్తవి పొయ్యాలి. ఆ మాట అంటుండగానే ఫ్యాన్ తిరగడం ఆగింది. కరెంటు పోయింది. బోరు మోటారు నడవదు. మిద్దె మీది ట్యాంకులో నీళ్లున్నాయి, కానీ మే నెల మధ్యాహ్నం వాటితో చాయ్ పెట్టుకోవచ్చు.

"బోరింగ్ ఉన్నది గద," అన్నాడు నాన్న.

వీధి చివర చేతిపంపు. మాలో ఎవరూ దాని దగ్గరికి పోయి ఏళ్లయింది. నాన్న అప్పటికే రెండు ప్లాస్టిక్ బిందెలు తీసుకుని చెప్పులు వేసుకుంటున్నాడు.

"మామా, ఎండల మీరొద్దు. మేం కొడతం," అంది నా భార్య.

"బాయిలర్ కాడ నిలబడ్డోణ్ని బిడ్డా. గీ ఎండ నాకేం జేస్తది? మీరు మొయ్యండి."

పోయి పిడి పట్టుకున్నాడు. మోకాళ్లు వంగవు కాబట్టి నడుముతో కొట్టాడు. మొదట గాలి వచ్చింది, తర్వాత తుప్పు నీళ్లు, ఆ తర్వాత తేటవి. చేయి పెట్టి చూశాను. భూమి లోపలి నుంచి వచ్చేవి కదా, మా తొట్టి నీళ్ల కంటే ఓ రెండు డిగ్రీలు ఎక్కువేమో. అంతే. బిందె నిండగానే నేను పట్టుకుపోతున్నాను, ఖాళీది ఆమె తెస్తోంది. వీధిలో నీడకు ఆటో ఆపుకుని కూర్చున్న ఒకతను మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు.

"ఏంది తాతా, ఇంట్ల ఫంక్షనా?"

"కాదు. చేపలకు."

"ఏం చేపలు? కొర్రమీన్లా?"

"పరకలు."

"పరకలకా!" అతను పగలబడి నవ్వాడు.

"నవ్వు, నవ్వు. నవ్వుకుంట వచ్చి గా బిందె అందుకో," అన్నాడు నాన్న.

అతను నిజంగానే వచ్చాడు. రెండు ట్రిప్పులు మోశాడు. మూడోసారి గదిలోకి వచ్చి తొట్టిలోకి వంగి చూసి, "గింతేనా?" అని, ఎందుకో మళ్లీ నవ్వకుండా వెళ్లాడు.

నేను పాత నీళ్లు గొట్టంతో తోడేస్తూ, ఆమె కొత్త నీళ్లు అద్దం మీదుగా సన్నగా దింపుతూ పనిచేశాం. వాటర్ ఫిల్టరుకని తెచ్చి పెట్టుకున్న కొత్త కార్బన్ కాట్రిడ్జిని రంపంతో కోసి, అందులోని బొగ్గు కడిగి, బట్టలో మూటకట్టి ధార కింద పెట్టాను. మిగిలిన రాగిని అది కొంత పట్టుకుంటుంది. పంపు బ్యాటరీ మీద నడుస్తోంది. ఫ్యాన్ మాత్రం లేదు. థర్మామీటరు ఇరవై తొమ్మిదిన్నర చూపించింది.

గుమ్మంలో ఇంటావిడ. వాస్తు మాట వస్తుందని నేను జవాబు సిద్ధం చేసుకున్నాను. "మా ఇన్వర్టర్ నుంచి వైరు లాక్కోండి బాబూ, ఫ్యానుకి," అన్నారు. "ఇంట్లో జీవాలు పోవడం అంతకంటే మంచిది కాదు." అంతకంటే అంటే దేనికంటేనో నేను అడగలేదు. వైరు లాగాను.

ఆ సాయంత్రం ఇంకొకటి పోయింది. మర్నాడు ఏదీ పోలేదు. ఆ మర్నాడు ఒకటి మళ్లీ మేత దగ్గరికి వచ్చి, నోట్లో వేసుకుని, ఉమ్మేసి, మళ్లీ వేసుకుంది. వారం తిరిగేసరికి ఏడు చేపలు నల్లా ధారకు ఎదురు నిలిచి ఉన్నాయి. గీత మళ్లీ వెండిలా ఉంది. బయట ఆ వారమే ఎండలు అన్నిటికంటే ఎక్కువ కాశాయి.

నాన్న తన బిందె మార్చలేదు. రాగి నీళ్లే తాగుతున్నాడు, నా ఎదురుగా తాగుతున్నాడు, అవసరమైనదానికంటే చప్పుడు చేస్తూ. తొట్టిలో నీళ్లు పొయ్యడం కూడా మానలేదు. మానతాడేమోనని నేను భయపడ్డాను. అడగబోతే, "క్యాన్ యేడున్నది?" అని తనే అన్నాడు. ఇప్పుడు సగం క్యాన్ నీళ్లు, సగం బోరు నీళ్లు కలిపి పోస్తాం. ఇన్నేళ్లుగా తిట్టుకున్న సున్నాన్ని తొట్టిలో ఎంత ఉంచాలో కొలిచి మరీ ఉంచుతున్నాను.

ఇక మిగిలింది ఒప్పందం. జూన్‌లో మొదటి వాన పడ్డ సాయంత్రం నా భార్యే ఎత్తింది. నేను భయపడుతూనే ఉన్నాను. పన్నెండులో అయిదు పోయాయి, కాదనడానికి లేదు. అవి ఆమె కళ్లముందే పోయాయి.

"పోయినయి అయిదు," అంది. "ఎండకు పోయినయి ఎన్ని?"

"ఏవీ లేవు."

"మనం అనుకున్నది ఎండ సంగతి. తొట్టి ఉంటది." అంతలోనే అడిగింది, "కానీ వానలు పడితే గాలిల తేమ పెరుగుతది గద. రంజన్ పని చెయ్యదు. గదానికి ఏం లెక్క ఏసినవ్?"

వేయలేదు. వాన పడితే చాలు గండం గడిచిందని అందరిలాగే నేనూ అనుకున్నాను. పొడి ఎండ మీద వేసిన లెక్క ఉక్కపోతకు చెల్లదని నేనే దుకాణంలో పాఠం చెప్పాను, నేనే మరిచాను. ఆ రాత్రే ఇద్దరం కూర్చుని రెండో ఫ్యాన్ ఎక్కడ పెట్టాలో చూశాం. వానలు మొదలైన రెండు వారాల్లో నీళ్లు ఇరవై తొమ్మిది చూపించిన రోజులు ఉన్నాయి. చేపలు మేత కొంచెం తక్కువ తిన్నాయి, ఏదీ ఒరగలేదు. నేను ఇరవై ఎనిమిది దాటనివ్వనన్నాను, ఆ మాట తప్పింది. ఆమె అది గుర్తు చేసింది, నేను ఒప్పుకున్నాను, రంజన్ పక్కన ఇంకో రంజన్ పెట్టాను.

ఇంటావిడ ఇప్పుడు తమ చుట్టాలను తీసుకొచ్చి తొట్టి చూపిస్తున్నారు. నైరుతిలో బరువు ఉంటే ఇంటికి నిలకడ అని చెబుతున్నారు. నేను ఏమీ దిద్దలేదు.

అయినా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. చూసి, ఏం చేపలని అడిగి, చలిదేశం చేపలంటే తల ఊపి, మన దగ్గర ఎక్కడ బతుకుతాయిలే అంటారు, కళ్లముందు అవి ఈదుతుండగానే. వాళ్లతో వాదించడం మానేశాను. డిసెంబరులో వచ్చి చూసి నమ్మవద్దు అంటాను. అప్పుడు ఎక్కడైనా బతుకుతాయి. మే నెలలో రండి, మధ్యాహ్నం పూట, గొడుగు వేసుకుని రండి. థర్మామీటరు మీ చేతికే ఇస్తాను.